రైట్, బెట్టీ (1953–2020)

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణ భాగమున, అట్లాంటిక్ తీరమునందలి మయామీ నగరమున పుట్టి, అచ్చటనే పాట నేర్చి, జీవితకాలమంతయు ఆ నగరమునే తన కార్యస్థానముగా నెంచుకొని, తుదకు అచ్చటనే దేహము చాలించిన బెట్టీ రైట్ 'సోల్' అను సంగీత సంప్రదాయమున పేరెన్నిక గన్న గాయని, గీతరచయిత్రి, ధ్వనిముద్రణ నిర్మాత, రికార్డు సంస్థాధిపతి. పదునెనిమిదేండ్లు నిండునప్పటికి ఆమె పాడిన ఒక గీతము పది లక్షల ప్రతులు అమ్ముడుపోయెను. ముప్పది నాలుగేండ్ల ప్రాయమున, తాను స్వయముగా స్థాపించిన 'మిస్ బి రికార్డ్స్' సంస్థ పక్షమున వెలువరించిన 'మదర్ విట్' అను ఆల్బముతో, సొంత సంస్థపై బంగారు ఆల్బము సాధించిన తొలి నల్లజాతి గాయనిగా ఆమె ఖ్యాతి వహించెను. మొదటి విజయము కంఠమునకు కలిగినది. రెండవది యాజమాన్యమునకు కలిగినది. లోకము మొదటిదానినే విశేషముగా స్మరించుచున్నను, గాయనిగా ఆమె సాధించిన సమస్తమునకును పరిపూర్ణత చేకూర్చినది రెండవదియే యని చెప్పక తప్పదు.

సోల్ సంగీతము నల్లజాతి క్రైస్తవ దేవాలయములలో పాడు గాస్పెల్ భజనల నుండియు, ప్రాపంచిక సుఖదుఃఖములను గానము చేయు బ్లూస్ పాటల నుండియు 1950ల దశకమున పుట్టినది. దేవుని నుద్దేశించి పాడుటకు అలవడిన ఆవేశమును, చప్పట్లను, ప్రధాన గాయకుని పిలుపునకు బృందము పలుకు ప్రతిపలుకును ప్రణయగీతములకు మరల్చుట దీని లక్షణము. రే చార్లెస్, సామ్ కుక్ మున్నగువారు దీనికి మార్గదర్శకులు. డిట్రాయిట్ నగరమున మోటౌన్ సంస్థ, మెంఫిస్ నగరమున స్టాక్స్ సంస్థ ఈ సంగీతమునకు ప్రధాన పీఠములై వర్ధిల్లగా, మయామీ నగరమునకు అట్టి కీర్తి చాలకాలము దక్కలేదు. దానికి కారణము ప్రతిభ కొరవడుట కాదు. ఆ ప్రతిభను ముద్రించి దేశమంతటికి చేర్చగల స్థానిక సంస్థలు లేకుండుటయే.

జాతివివక్ష చట్టసమ్మతమై యున్న దినములలో మయామీ బీచ్ హోటళ్ల వేదికలపై పాడి ధనికులను రంజింపజేసిన నల్లజాతి విద్వాంసులకు ఆ హోటళ్లలోనే ఆ రాత్రి తలదాచుకొను హక్కు లేకుండెను. వారు వంతెన దాటి, నగరములోని ఓవర్‌టౌన్ అను నల్లజాతి పేటకు వచ్చి, అచ్చటి హోటళ్లలో బస చేసి, తెల్లవారువరకు తమవారి నడుమ మరల పాడుచుండెడివారు. సామ్ కుక్ 1963లో ప్రత్యక్ష సభలో పాడగా ముద్రించిన ప్రసిద్ధమైన ఆల్బము ఈ పేటలోని హార్లెం స్క్వేర్ క్లబ్బున రూపొందినదే. 1960 తరువాత ఈ పేట నడిబొడ్డునుండి మహారహదారులు వేయుటచే ఇండ్లును, అంగళ్లును, నాట్యశాలలును నేలమట్టమై, వేలకొలది కుటుంబములు లిబర్టీ సిటీ మున్నగు ఇతర వాడలకు చెదరిపోయినవి. బెట్టీ రైట్ బాల్యము ఈ చెదరిన సమాజము నడుమ గడచినది.

ఆమె 1953 డిసెంబరు 21వ తేదీన జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు బెస్సీ రెజీనా నారిస్. ఏడుగురు సంతానములో కడగొట్టు బిడ్డ. తోబుట్టువులు 'ఎకోస్ ఆఫ్ జాయ్' అను పేర గాస్పెల్ బృందముగా ఏర్పడి పాడుచుండగా, ఈ చిన్నది మాటలు సరిగా రాని వయస్సుననే వారి మధ్య నిలిచి గొంతు కలిపెను. ఒకే ఇంటి పిల్లలు పాడునప్పుడు ఎవరి స్వరము ఎక్కడ ఆగవలెనో, ఎవరిది ఎక్కడ పైకి లేవవలెనో కంటిచూపుతోనే తెలిసికొను అలవాటు అబ్బును. తరువాతి కాలమున ఇతర గాయకుల వెనుక బృందగానమును తీర్చిదిద్దుటలో ఈమె చూపిన నేర్పునకు మూలము ఇచ్చటనే యున్నది. 1965 ప్రాంతమున ఆ బృందము విడిపోగా, ఆమె లౌకిక గీతముల వైపు మరలెను.

ఆ సమయమున లిబర్టీ సిటీలో జానీ పియర్సాల్ నడుపు రికార్డుల అంగడి యొకటి యుండెను. పియర్సాల్, విల్లీ క్లార్క్ అను ఇరువురు మిత్రులు, టాలహాసీలోని నల్లజాతి విశ్వవిద్యాలయమున చదువుకొనినవారు, కలిసి 'డీప్ సిటీ' అను రికార్డు సంస్థను నెలకొల్పియుండిరి. ఫ్లోరిడాలో నల్లజాతివారి యాజమాన్యమున వెలసిన తొలి రికార్డు సంస్థగా దానిని చరిత్రకారులు పరిగణింతురు. క్లార్క్ వృత్తిచే బడిపంతులు. పాటలు కట్టుటలో అతనికి క్లారెన్స్ రీడ్ అను కవి తోడుగా నుండెను. రేడియోలో జరిగిన పోటీలో గెలిచిన రికార్డును తీసికొనిపోవుటకై అంగడికి వచ్చిన పదకొండు పండ్రెండేండ్ల బాలిక, అచ్చట మ్రోగుచున్న పాటతో పాటు గొంతెత్తి పాడగా విని, క్లార్క్, రీడ్ ఇరువురును నిశ్చేష్టులై, ఆమె తల్లి అనుమతి కొరకు ఇంటికి వెళ్లిరని చెప్పుదురు. 1966 నాటికి డీప్ సిటీ పేర ఆమె తొలి రికార్డులు వెలువడినవి. అవి స్థానికముగా తప్ప వినబడలేదు. కాని సంగీతము ముద్రించుటయనగా దూరనగరములలోని ధనికులు మాత్రమే చేయదగిన పని కాదనియు, తన వాడలోని బడిపంతులును, అంగడి యజమానియును పూనుకొనిన చేయగలరనియు ఆ బాలిక కన్నులార చూచినది. సొంత సంస్థ యను భావమునకు బీజము ఆ అంగడిలో పడినదని ఊహించుట అసంగతము కాదు.

డీప్ సిటీ ఎక్కువ కాలము నిలువలేదు. క్లార్క్, రీడ్ ఇరువురును మయామీలో రికార్డుల పంపిణీ వ్యాపారము చేయుచున్న హెన్రీ స్టోన్ పక్షమునకు చేరగా, బెట్టీ కూడ వారితో పాటు వెళ్లెను. స్టోన్, స్టీవ్ అలైమో అనువారలు తమ పేర్లు కలిపి 'ఆల్స్టన్' అను లేబుల్ నడుపుచుండిరి. దానికి అట్లాంటిక్ సంస్థ దేశవ్యాప్త పంపిణీ కల్పించినది. 1968లో 'గర్ల్స్ కాంట్ డూ వాట్ ది గైస్ డూ' అను గీతము జాతీయ పట్టికలో 33వ స్థానమును అందుకొనెను. పాడినది పదునాలుగేండ్ల పిల్ల. అదే సంవత్సరమున 'మై ఫస్ట్ టైమ్ ఎరౌండ్' అను తొలి ఆల్బము వెలువడినది.

1971లో వచ్చిన 'క్లీన్ అప్ ఉమన్' ఆమె పేరును దేశదేశములకు మోసికొనిపోయెను. క్లార్క్, రీడ్ కట్టిన ఈ పాటలో నాయిక తన ప్రియుని ఆదరింపక అలక్ష్యము చేసి, మరియొక స్త్రీ అతనిని చేరదీసినపిమ్మట తన తప్పిదమును గ్రహించి, తోడి స్త్రీలను హెచ్చరించును. ఓడిపోయిన దాని నోటనే కథ చెప్పించుట, గెలిచినదానిని దూషింపక ఆమె నేర్పునకు ఒకవిధముగా జోహారు చెప్పుట, ఈ రచనలోని చమత్కారము. పాట మొదలగుటతోడనే 'లిటిల్ బీవర్' అను పేర ప్రసిద్ధుడైన విల్లీ హేల్ గిటారుపై పలికించు చిన్న పలుకు వినబడును. అది ఎండకాలపు సాయంకాలమువలె తేలికగా, తొందరపాటు లేక, పాట పొడవునను మరల మరల వచ్చుచు, గాయనికి కావలసినంత చోటు విడిచి తాను ప్రక్కకు తొలగుచుండును. ఆ చోటున పదునేడేండ్ల కంఠము ముప్పది యైదేండ్ల అనుభవమును పలికినది. లయ ఆరంభించు చోటునకు ఒకింత వెనుకగా మాటను వదలి, పాదము ముగియులోపల మరల లయను అందుకొను ఆమె పోకడ బోధనచే వచ్చునది కాదు. ఈ రికార్డు సోల్ గీతముల పట్టికలో 2వ స్థానమును, సర్వసాధారణ పట్టికలో 6వ స్థానమును పొంది, ఆమె పదునెనిమిదవ పుట్టినరోజు గడచిన కొలది దినములకే పది లక్షల ప్రతుల బంగారు రికార్డుగా గుర్తింపు పొందెను.

హెన్రీ స్టోన్ వ్యాపారము మయామీ పొరుగుననే గల హయలీయా పట్టణమున సాగుచుండెను. క్రింద రికార్డుల గిడ్డంగి, పైన చిన్న ధ్వనిముద్రణశాల, ప్రక్కగదిలో కార్యాలయము. పాట పుట్టినది మొదలు పెట్టెలకెక్కి లారీ చేరువరకు గల దశలన్నియు ఒకే కప్పు క్రింద జరుగుచుండెను. గిడ్డంగిలో పని చేయుచున్న హ్యారీ వేన్ కేసీ అను యువకుడు రాత్రివేళ పై అంతస్తునకెక్కి రిచర్డ్ ఫించ్‌తో కలిసి పాటలు కట్టుచు, 'కేసీ అండ్ ది సన్‌షైన్ బ్యాండ్' నాయకుడై లోకప్రసిద్ధుడయ్యెను. స్టోన్ నడుపు ఈ వ్యాపారమునకు 'టీకే' సంస్థ యను పేరు స్థిరపడినది. అచ్చట బెట్టీ ప్రాయమున చిన్నదయ్యును అనుభవమున పెద్దదై, జార్జి మెక్రే, గ్వెన్ మెక్రే దంపతులను స్టోన్‌కు పరిచయము చేసి వారికి ఒప్పందము కుదిర్చెను. ఆ జార్జి మెక్రే పాడిన 'రాక్ యువర్ బేబీ' 1974లో అమెరికాలోను, బ్రిటన్‌లోను అగ్రస్థానము నందుకొనినది. కేసీ, ఫించ్, క్లార్క్‌లతో కలిసి బెట్టీ రచించి పాడిన 'వేర్ ఈజ్ ది లవ్' అను గీతమునకు 1976లో ఆ తరగతి సంగీతమున ఉత్తమ గీతరచనకు గ్రామీ పురస్కారము లభించెను. పురస్కారము గాయనిగా గాక రచయిత్రిగా వచ్చుట గమనింపదగినది.

ఆమె రచనలలో అత్యంత సాహసోపేతమైనది 'టునైట్ ఈజ్ ది నైట్'. తొలి సమాగమము వేళ ఒక యువతి మనస్సున మెదలు భయమును, కుతూహలమును, సంకోచమును ఆ యువతి పక్షముననే నిలిచి ఈ పాట చెప్పుచున్నది. అట్టి వస్తువును పురుషులు వ్రాసినపుడు దానిలో విజయగర్వమో వేడికోలో వినవచ్చును. ఇచ్చట రెండును లేవు. 1974 నాటి మొదటి ముద్రణ కంటె, 1978లో వెలువడిన 'బెట్టీ రైట్ లైవ్' ఆల్బములోని ప్రత్యక్షసభా రూపము మిక్కిలి ప్రచారము పొందినది. అందు ఆమె పాట మొదలిడుటకు ముందు, దానిని తన తల్లికి వినిపించిన సందర్భమును గూర్చి సభవారితో తీరికగా ముచ్చటించును. వెనుక వాద్యములు మెల్లగా మ్రోగుచుండ, స్త్రీలు నవ్వుచు కేకలు వేయుచు బదులు పలుకుచుండ, ముచ్చట ఎప్పుడు ముగిసి పాట ఎప్పుడు మొదలైనదో తెలియకుండ ఆమె స్వరములోనికి జారుకొనును. ఆ ఆల్బముననే 'క్లీన్ అప్ ఉమన్' పాట నడుమ సమకాలికుల ప్రసిద్ధ గీతములను ఒకదాని వెంట నొకటి అందుకొనుచు, పాటకొక గొంతు మార్చుచు, మరల తన పాటకు వచ్చి చేరును. దేవాలయ వేదికపై ఉపదేశకుడు ప్రసంగమునుండి భజనలోనికి ప్రవేశించు పద్ధతిని ఇంత సొగసుగా లౌకిక రంగమునకు తెచ్చినవారు అరుదు. కంఠపు సహజ పరిధిని దాటి ఈల వంటి అత్యుచ్చస్వరములను స్పష్టముగా పలికించుట ఆమెకు గల మరియొక విశేషము. 1979లో బాబ్ మార్లీ జరిపిన అమెరికా యాత్రలో ఆరంభ గాయనిగా ఆమె పాల్గొనెను.

డిస్కో సంగీతపు వెల్లువ తీసినంతనే దానిపై ఆధారపడిన టీకే సంస్థయు 1981లో కూలిపోయెను. బెట్టీ ఎపిక్ అను మహాసంస్థకు చేరి రెండు ఆల్బములు చేసినది. మొదటిదానికి స్టీవీ వండర్ ఒక గీతము నొసంగెను. రెండును మంచివే, ఏ ఒక్కటియు ఆశించినంతగా అమ్ముడుపోలేదు. యంత్రముల డోలు చప్పుడును, దృశ్యరూపమున చూపుటకు తగిన నవయౌవనమును వెదకుచున్న ఆ కాలపు పెద్ద సంస్థలకు, ముప్పది యేండ్లు సమీపించి, సంసారపు మాటలు పాటలుగా కట్టు గాయని అక్కరకు రాలేదు. ఆమె తరమునకు చెందిన ఎందరో ఇట్లే నిరాదరణకు గురియైరి.

ఈ సందర్భమున రికార్డు వ్యాపారపు నడవడిని కొంత తెలిసికొనుట అవసరము. సంస్థ గాయకునికి ముందుగా కొంత సొమ్మిచ్చి, ముద్రణశాల అద్దె, వాద్యకారుల వేతనము మొదలుగా గల ఖర్చులను తరువాత అతనికి రావలసిన రాయల్టీ నుండి మినహాయించుకొనును. అవి తీరిన పిమ్మట సైతము మాస్టర్ టేపు, అనగా మూల ధ్వనిముద్రణము, సంస్థ సొత్తుగానే యుండును. గాయకుని స్థితి కౌలు రైతు స్థితికి భిన్నము కాదు: పంటలో పాలు దక్కవచ్చును గాని భూమి దక్కదు. సంస్థ దివాలా తీసినపుడు టేపులు ఎవరి చేతికి పోవునో గాయకుడు చెప్పజాలడు. టీకే పతనమును సమీపమున చూచిన బెట్టీకి ఈ విషయము పుస్తకములలో చదువవలసిన అవసరము లేకపోయెను.

నల్లజాతి కళాకారులు యాజమాన్యమునకు పూనుకొనుట కొత్త కాదు. ఇండియానా రాష్ట్రపు గ్యారీ పట్టణమున వివియన్ కార్టర్ 1953లో భర్తతో కలిసి 'వీ-జే' సంస్థను నెలకొల్పెను. కాని ఆమె గాయని కాదు. సామ్ కుక్‌కు 'సార్' సంస్థ, కర్టిస్ మేఫీల్డ్‌కు 'కర్టమ్' సంస్థ ఉండెను, వారు పురుషులు. గాయనిగా పేరు పొంది న్యూజెర్సీలో భర్తతో కూడి 'ఆల్ ప్లాటినమ్' సంస్థను, తరువాత ర్యాప్ సంగీతమును లోకమునకు చాటిన 'షుగర్ హిల్' సంస్థను నడిపిన సిల్వియా రాబిన్సన్ ఈ మార్గమున బెట్టీ కంటె ముందు నడచిన మహనీయురాలు. ఆమె ప్రధానముగా ఇతరుల పాటలచే సంస్థను పోషింపగా, బెట్టీ తన రచన, తన కంఠము, తన నిర్మాణము మూలధనముగా సంస్థను నిలబెట్టినది. ఈ భేదము చిన్నది కాదు.

1985లో ఆమె 'మిస్ బి రికార్డ్స్' స్థాపించెను. ఆ సంవత్సరముననే జమైకా దేశీయుడు, 'కింగ్ స్పోర్టీ' యను పేర ఖ్యాతుడు, బాబ్ మార్లీతో కలిసి 'బఫెలో సోల్జర్' రచించినవాడునగు నోయెల్ విలియమ్స్‌ను వివాహమాడెను. అతడును మయామీలో 'కొండుకో' అను లేబుల్ నడిపినవాడగుటచే, ఆ గృహమున పాటయు, పద్దును కలిసి మెలగినవి. చిన్న సంస్థకు విడుదల చేయుట కంటె అమ్మిన సరకునకు పైకము రాబట్టుకొనుట కష్టము. దక్షిణ రాష్ట్రములలోని నల్లజాతి రేడియో కేంద్రములును, చిన్న చిన్న రికార్డు అంగళ్లునే దానికి ఆలంబనములు. ఇట్టి పరిస్థితులలో వెలువడిన 'మదర్ విట్' ఆల్బములోని 'నో పెయిన్, నో గెయిన్' 1988లో సోల్ పట్టికలో తొలి ఇరువదింటిలో నిలిచినది. పెద్దవారి నోట వినవచ్చు లోకజ్ఞానము ఆ ఆల్బమునకు ప్రాణము: దాంపత్యమున ఓర్పు, అవమానము, క్షమ, మరల నిలద్రొక్కుకొనుట. 'ఆఫ్టర్ ది పెయిన్' అను మరియొక దీర్ఘగీతము నేటికిని దక్షిణాదిన సభలలో వినబడుచుండును. ఎపిక్ సంస్థ అమ్మలేకపోయిన వస్తువును ఆమె తానే అమ్మినది. ఐదు లక్షల ప్రతులు అమ్ముడైన ఆల్బమునకు అమెరికాలో బంగారు పదవి నిత్తురు. ఆ కొలమానమున సొంత లేబుల్‌పై నిలిచిన గాయని యనుట ఆమె వృత్తిజీవితమున అత్యున్నత ఘట్టము.

తరువాతి మూడు దశాబ్దములలో ఆమె స్వీయగానము కొంత తగ్గి, ఇతరులకు నేర్పుట హెచ్చినది. 1991లో గ్లోరియా ఎస్టెఫాన్ పాడి అగ్రస్థానమందుకొనిన 'కమింగ్ అవుట్ ఆఫ్ ది డార్క్' గీతమునందలి బృందగానమును తీర్చినది ఈమెయే. ఇంగ్లండు బాలిక జాస్ స్టోన్ 2003లో 'ది సోల్ సెషన్స్' ఆల్బము ముద్రించుటకు మయామీ రాగా, బెట్టీ నిర్మాతలలో ఒకరై, లిటిల్ బీవర్, టిమ్మీ థామస్, లాటిమోర్ మున్నగు తన పాత సహచరులను మరల ఒకచోట చేర్చి, పదునారేండ్ల పరదేశపు పిల్లకు వారి చెంత కూర్చుండి పాడు భాగ్యము కలిగించెను. 2011లో 'ద రూట్స్' బృందముతో కలిసి చేసిన 'బెట్టీ రైట్: ది మూవీ' ఆమె చివరి పెద్ద ఆల్బము. గృహజీవితమున ఆమెకు తీరని దుఃఖము సంభవించెను: 2005 క్రిస్మస్ దినమున కుమారుడు తుపాకి కాల్పులకు బలియయ్యెను, 2015లో భర్త గతించెను. క్యాన్సరు వ్యాధిచే ఆమె 2020 మే 10వ తేదీన మయామీలో, అరువది యారేండ్ల వయస్సున మరణించెను.

ఆమె రికార్డులలోని చిన్న శకలములను తీసికొని కొత్త పాటలకు పునాదిగా వాడుకొనినవారు పెక్కుమంది. 'క్లీన్ అప్ ఉమన్' గిటారు పలుకు మేరీ జె. బ్లైజ్ 'రియల్ లవ్' గీతపు మలిరూపమునను, చాన్స్ ది ర్యాపర్ 2013 నాటి గీతమునను వినబడుచున్నది. అనుమతి పొంది వాడుకొనినవారితో ఆమెకు సఖ్యమే యుండెను; యువ ర్యాప్ కళాకారుల రికార్డులలో స్వయముగా పాడి వారిని ఆశీర్వదించినది. 1991లో 'కలర్ మి బాడ్' బృందము తమ మొదటి విజయగీతమున 'టునైట్ ఈజ్ ది నైట్' భాగమును వాడుకొనగా, ఆమె న్యాయస్థానమును ఆశ్రయించి, తన రచనకు రావలసిన వాటాను రాబట్టుకొనెను.